మడి వంటింట్లో స్టీలు గిన్నె

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా ఏ ఇంట్లో తద్దినం వచ్చినా ముందు పురోహితుడు వెంకటరామయ్య గారికి కబురు వెళ్ళేది. ఆయన దగ్గర నుంచి సుందరమ్మకు కబురు వచ్చేది. ఆవిడ అసలు పేరు బాలత్రిపురసుందరి. అంత పేరును నోరారా పిలిచింది భర్త కాశీవిశ్వనాథం ఒక్కడే. కర్నూలు నుంచి రాజధాని ఇక్కడికి మారినప్పుడు ఆయన ఆఫీసు ఫైళ్ళతో పాటే వచ్చాడు. నారాయణగూడలో ఒక వాటా అద్దెకు తీసుకుని, కాస్త కుదురుకున్నాం అనుకునేలోగా జ్వరంతో పోయాడు. తెనాలి దగ్గర పుట్టింటివాళ్ళు వచ్చెయ్యమన్నారు. సుందరమ్మ వెళ్ళలేదు. అక్కడికి వెళ్తే వదినగారి వంటిల్లు ఒక్కటే ఉంటుంది, ఇక్కడైతే పదిమంది వంటిళ్ళు చూడొచ్చు, పూటకో కొత్త సంగతి తెలుస్తుంది అంది.

ఆ మాట నవ్వులాటకు అన్నది కాదు. ఆవిడ చదివింది ఐదో తరగతి, అడిగేవి మాత్రం పంతుళ్ళను తడుముకునేలా చేసే ప్రశ్నలు. కరెంటు మీటరు చూసుకోవడానికి వచ్చినవాణ్ణి పట్టుకుని, లోపల చక్రం ఎవరు తిప్పుతున్నారని అడిగి, జవాబు నచ్చేదాకా మంచినీళ్ళు ఇవ్వలేదు పాపం. రైలెక్కి తెనాలి వెళ్తే కాచిగూడలోనే గార్డుతో పరిచయమయ్యేది. వంట కూడా అంతే. పప్పు ఎందుకు ఉడకలేదు, పాలు ఎందుకు విరిగాయి అన్నది తేలేదాకా ఆవిడకు నిద్ర పట్టేది కాదు.

అయితే తద్దినం వంటలో ప్రశ్నలకు చోటు లేదు. తడిబట్ట కట్టుకుని మడితో వండాలి. వండేటప్పుడు మాట్లాడకూడదు. మిరపకాయ బదులు మిరియం వాడాలి. అన్నిటికంటే ముందు, పితృకార్యంలో ఇనుము పనికిరాదు. గారెలు వేసే మూకుడు కూడా ఇత్తడిదే ఉండాలి. ఈ పట్టింపులన్నీ సుందరమ్మ దగ్గర భద్రంగా ఉన్నాయని వెంకటరామయ్య గారి నమ్మకం. ఆ నమ్మకమే ఆవిడకు జీవనం. ఆయన ఒక్కసారి వద్దు అన్నారంటే ఈ వీధుల్లో ఏ గుమ్మమూ ఆవిడను లోపలికి రానివ్వదు.

ఇళ్ళల్లో మడి గిన్నెలు సరిపడా ఉండవు గనక సుందరమ్మ తన ఇత్తడి సామాను రిక్షాలో వెంట తీసుకెళ్ళేది. అరవై తొమ్మిదిలో ఆ సామానుకే చిక్కు వచ్చింది. ఆ ఏడాది ఊళ్ళో ప్రత్యేక రాష్ట్రం గొడవలు. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు నడిస్తే నడిచినట్టు, కర్ఫ్యూ పెడితే పెట్టినట్టు. ఇత్తడి గిన్నెలకు తగరపు పూత పూసే కళాయి సాయెబు పాతబస్తీ నుంచి రావడం మానేశాడు. గిన్నెల్లోపల తెల్లటి పూత అరిగిపోయి పచ్చటి ఇత్తడి బయటపడింది. అందులో పులుపు వండితే చిలుమెక్కి, తిన్నవాళ్ళకు వాంతులవుతాయి. మామిడికాయ పప్పు, పెరుగు పచ్చడి లేకుండా తద్దినం భోజనం ఎలా పెడతారు?

నారాయణగూడలో రాఘవేందర్‌కు స్టీలు సామాను దుకాణం ఉంది. సుందరమ్మ అక్కడికి వెళ్ళి, కొనేముందు ఒకే ఒక్క మాట అడిగింది. ఇది ఇనుమా, కాదా?

రాఘవేందర్ గల్లాపెట్టె పక్కన దారానికి వేలాడుతున్న అయస్కాంతాన్ని గిన్నె అడుగుకు ఆనించాడు. అది జారి పడిపోయింది.

“ఇనుమైతే గుంజుకోదా అమ్మా? ఇది స్టీలు. మీ మనవలకు మనవలు పుట్టినా తుప్పు పట్టదు,” అన్నాడు.

ఆ మాట నమ్మకంగానే అనిపించింది. ఇనుమంటే అయస్కాంతానికి అంటుకోవాలి, వానలో పెడితే ఎర్రగా తుప్పు పట్టాలి. ఈ రెండు గుణాలూ లేనిది ఇనుమెలా అవుతుంది? సుందరమ్మ ఒకే వరసలోవి మూడు గిన్నెలు కొనుక్కుంది.

వారం తిరక్కుండానే అశోక్‌నగర్‌లో ధర్మారావు గారి తల్లి తద్దినం వచ్చింది. ధర్మారావు గారు పెద్ద ఆఫీసరు, మెతక మనిషి. తల్లి తద్దినమంటే మాత్రం ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గను కూడా దగ్గరు. అన్నం, కూరలు ఇత్తడిలోనే అయ్యాయి. మామిడికాయ పప్పు స్టీలు గిన్నెలో ఉడికింది. భోక్తలుగా వచ్చిన బ్రాహ్మణులు కాళ్ళు కడుక్కునే వేళకు వెంకటరామయ్య గారు వంటింటి గడప దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూశారు. కళ్ళు ఆ గిన్నె మీద పడ్డాయి.

“సుందరమ్మ గారూ, అదేమిటి? ఇనుములో వండారా?”

సుందరమ్మ మడిలో మాట్లాడకూడదన్నది కూడా మరిచిపోయి, అది ఇనుము కాదు, స్టీలు అని చెప్పింది. అయస్కాంతం పట్టదంది. ఆయన నమ్మలేదు. స్టీలు అంటే ఇంగ్లీషులో ఉక్కేనని ఆయన అన్నారు. ఉక్కు ఇనుము కాక ఇంకేమవుతుంది? హాల్లో భోక్తలు కూర్చున్నారు, కాలం మించిపోతోంది. మళ్ళీ పప్పు వండే వ్యవధి లేదు. ధర్మారావు గారు తల పట్టుకున్నారు. అంతలో ఆయనకే తట్టింది. పాడైపోయిన రేడియో స్పీకరులో పెద్ద అయస్కాంతం ఉంటుంది, ఇప్పుడే తెస్తానని పరుగెత్తారు.

అయస్కాంతం వచ్చిందిగాని అది వంటింట్లోకి ఎలా వస్తుంది? మైల వస్తువు. వండిన గిన్నెను అది తాకితే పప్పు మొత్తం పారబొయ్యాలి. చివరకు ధర్మారావు గారు దాన్ని గడప అవతల నేల మీద పెట్టారు. సుందరమ్మ చెంబుతో నీళ్ళు కుమ్మరించి, తడిచేత్తో అందుకుంది. పప్పున్న గిన్నె జోలికి పోకుండా, అదే వరసలో ఖాళీగా ఉన్న గిన్నెను బోర్లించి, అందరికీ కనిపించేలా దాని అడుగు మీద అయస్కాంతం పెట్టింది. గిన్నెను కాస్త వంచింది. అయస్కాంతం సర్రున జారి గచ్చు మీద పడింది.

వెంకటరామయ్య గారు ఒక క్షణం చూశారు.

“సరే. ఇనుము కాదు. కానివ్వండి,” అన్నారు.

కార్యక్రమం సజావుగా జరిగిపోయింది. భోక్తలు పప్పు మారు వేయించుకున్నారు.

అందరి భోజనాలూ అయ్యాక సుందరమ్మ పెరట్లో గిన్నెలు కడుగుతూ కూర్చుంది. అయస్కాంతం పక్కనే ఉంది. చేతిలో కొత్త వస్తువుంటే ఆవిడ ఊరుకోలేదు గదా. గిన్నె అడుగు మీద పెట్టింది, జారింది. పక్కన ఆనించింది, జారింది. అంచు దగ్గరికి, మెషీను మీద మడిచిన చోటికి తెచ్చేసరికి అయస్కాంతం ఆగిపోయింది. సుందరమ్మ వేలు తీసేసింది. అది పడలేదు. గట్టిగా కరుచుకోలేదు, అలా మెల్లగా అతుక్కుని ఉంది. మిగతా రెండు గిన్నెలూ చూసింది. వాటి సంగతీ అంతే.

ఎవరూ చూడలేదు. సుందరమ్మ అయస్కాంతాన్ని కడిగి ధర్మారావు గారికి ఇచ్చేసి ఇంటికి వచ్చింది.

మరునాటి నుంచి కథ ఆవిడ చెయ్యి దాటిపోయింది. కళాయి కొరత అందరికీ ఉన్నదే గనక వెంకటరామయ్య గారు వెళ్ళిన ఇంటల్లా, స్టీలు ఇనుము కాదు, నేను కళ్ళారా పరీక్ష చేయించాను, దోషం లేదు అని చెప్పడం మొదలుపెట్టారు. నారాయణగూడలో ఇద్దరు, చిక్కడపల్లిలో ఇంకొందరు స్టీలు గిన్నెలు కొన్నారు. సుందరమ్మ దుకాణం ముందు నుంచి వెళ్తుంటే రాఘవేందర్ లేచి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

ఆవిడ అద్దెకుండే ఇంటివాళ్ళది తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం. ఇంటాయన ప్రహ్లాద్ కెమిస్ట్రీ లెక్చరరు. కాలేజీ మూసేశారు గనక ఇంట్లోనే ఉంటున్నాడు. బయట గోడల మీద ఆంధ్రా వాళ్ళను పొమ్మని రాతలున్నాయి. ఇంట్లో మాత్రం ప్రహ్లాద్ భార్య దమయంతి, సుందరమ్మ గుమ్మడికాయ వడియాల కోసం రోజూ గోడ మీద నుంచి చెయ్యి చాస్తూనే ఉంది. సుందరమ్మ గిన్నె చంకన పెట్టుకుని వాళ్ళ వసారాలోకి వెళ్ళి, జరిగిందంతా చెప్పి, ఇది ఇనుమా కాదా అని ప్రహ్లాద్‌ను అడిగింది.

“మా ఆయనకు పని లేక ఒక్క తీరుగ నా వంటకు వంకలు పెడుతుండు. వచ్చి మంచిపని చేసినవు అమ్మా,” అంది దమయంతి.

ప్రహ్లాద్ గిన్నె అటూ ఇటూ తిప్పి, పాఠం చెప్పి చాలా రోజులైన మనిషి ఎలా ఉత్సాహపడతాడో అలా ఉత్సాహపడ్డాడు.

“ఇనుమే సుందరమ్మ గారూ. నూటికి డెబ్బై పాళ్ళు ఇనుమే. మిగిలింది క్రోమియమని ఒక లోహం, నికెలని ఇంకోటి.”

సుందరమ్మ గిన్నెను చేతిలోకి తీసుకుని, మరి తుప్పెందుకు పట్టదని అడిగింది.

ఇనుముకు తడీ గాలీ తగిలితే తుప్పు పుడుతుందని, అది గుల్లగా ఉండి పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుందని, రాలినప్పుడల్లా కింద కొత్త ఇనుము బయటపడి అదీ తుప్పవుతుందని ప్రహ్లాద్ చెప్పాడు. అలా తినుకుంటూ పోతుంది. ఇందులో ఉన్న క్రోమియం గాలి తగలగానే తానే ముందు గాలితో కలిసి పైన ఒక పొర కడుతుంది. కంటికి ఆనదు, అంత పలచన. కానీ అది రాలిపోయేది కాదు. గిన్నెను అంటిపెట్టుకునే ఉంటుంది. ఆ పొర దాటి గాలీ నీళ్ళూ లోపలి ఇనుము దాకా పోలేవు.

“బూడిదేసి రోజూ బరబరా తోముతాను గదయ్యా. గీతలు పడతాయి. ఆ పొర ఊడిపోదూ?”

“పాల మీద మీగడ తీస్తే మళ్ళ కట్టదా? గట్లనే. గీత పడ్డకాడ గాలి తగిలిందా, వెంటనే కొత్త పొర కడతది. మీరు తోముతనే ఉండండి, అది కడుతనే ఉంటది.”

మీగడ అనేసరికి సుందరమ్మ మనసుకు పట్టింది. కానీ ఆవిడ అక్కడితో వదిలే మనిషా? తన స్టీలు డబ్బాలో తడి ఉప్పు పోసి ఉంచితే సూది గుచ్చినట్టు చుక్కలు పడ్డాయే, అదెందుకని అడిగింది. ఉప్పు ఆ పొరను ఒకచోట తొలిచేస్తుందని, మళ్ళీ కట్టనివ్వదని, ఉప్పూ ఊరగాయా అందులో నిలవ పెట్టవద్దని అతను చెప్పాడు. అంచు దగ్గర అయస్కాంతం ఎందుకు పట్టిందన్నదానికి మాత్రం తడుముకున్నాడు. రెండురోజులు ఆగమని, చిక్కడపల్లి లైబ్రరీకి పోయి పుస్తకాలు తిరగేసి వచ్చాడు. నికెల్ కలవడం వల్ల లోపల ఇనుము అమరిక మారి అయస్కాంతం పట్టదట. మెషీనులో బలంగా వంచి సాగదీసినచోట ఆ అమరిక చెదిరి, కొంచెం పాత ఇనుము గుణం తిరిగొస్తుందట.

“అయితే అయస్కాంతం పట్టనంత మాత్రాన ఇనుము కాదని కాదన్నమాట,” అంది సుందరమ్మ.

“కాదు. మీ బ్రహ్మగారి పరీక్షనే తప్పు.”

“ఆయనది కాదు నాయనా. పరీక్ష చేసింది నేను,” అంది.

ఆ తర్వాత ఆవిడకు మూడు చోట్ల వంట పడింది. మూడింట్లోనూ ఇత్తడి గిన్నెల్లోనే, పులుపు లేకుండా వండింది. ఇంటివాళ్ళు పప్పులో మామిడికాయ ఏదీ అని అడిగితే కాయలు బాగా లేవంది. జ్యేష్ఠమాసంలో కాయలు బాగా లేకపోవడమేమిటని వాళ్ళు విడ్డూరంగా చూశారు. ఇలా ఎన్నాళ్ళు? చెప్తే, మడి తప్పించి వండిందని బ్రహ్మగారు తన పేరు కొట్టేస్తారు. చెప్పకపోతే ఆయన ఇంటింటికీ తిరిగి తను చెప్పిన తప్పే చెప్తూ ఉంటారు.

అంతలో ఆయన ఇంటి నుంచే కబురు వచ్చింది. వెంకటరామయ్య గారి తండ్రి తద్దినం. వంటకు సుందరమ్మే రావాలి. ఆయన భార్య కమలాకుమారి ఈ పని కోసమే రాఘవేందర్ దుకాణంలో స్టీలు గిన్నెల వరస మొత్తం కొన్నదట.

తద్దినం ముందురోజు పొద్దున్నే సుందరమ్మ చిక్కడపల్లిలో వాళ్ళింటికి వెళ్ళింది. వెంకటరామయ్య గారు అరుగు మీద దర్భలు సరిచేసుకుంటున్నారు. కమలాకుమారి కొత్త గిన్నెలను పసుపునీళ్ళతో కడిగి ఎండలో బోర్లించి ఉంది. ఎండకు అవి కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. సుందరమ్మ కూర్చోకుండానే చెప్పింది.

“బ్రహ్మగారూ, అది ఇనుమేనండీ. ఆరోజు మీరన్నదే నిజం.”

ఆయన చేతిలో దర్భలు ఆగాయి. అయస్కాంతం పట్టలేదు కదా అన్నారు. అంచు దగ్గర పట్టిందని, అందరూ భోజనాలు చేశాక తను చూసిందని, తర్వాత ప్రహ్లాద్‌ను అడిగి తేల్చుకుందని సుందరమ్మ చెప్పింది. అన్నాళ్ళు ఎందుకు దాచావని కమలాకుమారి గయ్యిమంది. ఇన్ని గిన్నెలు ఎవరి నెత్తిన పెట్టుకోవాలంది. సుందరమ్మ, భయమేసింది, అంతే అంది.

వెంకటరామయ్య గారు భార్యను ఆగమని, ఒక గిన్నె తెప్పించుకుని చేత్తో తడిమి చూశారు.

“ఇనుమైతే తుప్పేదీ?”

సుందరమ్మ మీగడ సంగతి చెప్పింది. పైన పొర కట్టడం, గీత పడితే మళ్ళీ పొర కట్టడం, లోపలి ఇనుము గాలి మొహం చూడకపోవడం, అన్నీ ప్రహ్లాద్ చెప్పినదానికంటే విడమర్చి చెప్పింది. ఆయన ఆసక్తిగానే విన్నారు.

“అంటే ఇనుము చొక్కా తొడుక్కుందంటారు. చొక్కా తొడిగితే మనిషి మారిపోతాడా?”

“మారడండీ. కాకపోతే ఒంటికి దుమ్ము అంటదు. మరి ఇనుము పనికిరాదన్నది తుప్పు వల్లనా, ఇనుమైనందువల్లనా?”

ఈ ప్రశ్న ఆవిడ ఇన్నేళ్ళుగా నోట్లో పెట్టుకుని తిరుగుతోంది. వెంకటరామయ్య గారు దర్భలు పక్కన పెట్టారు.

“నాకు తెలియదమ్మా. మా నాన్నగారు కూడదన్నారు. ఆయన్ను నేను అడగలేదు. తెలియనప్పుడు కూడదన్నదాని పక్కనే ఉండాలి.” గిన్నెను ఆవిడ చేతికిస్తూ మళ్ళీ అన్నారు. “అయస్కాంతం మీ చేతిలోనే ఉంది. ఎవరూ చూడలేదు. ఎందుకొచ్చి చెప్పారు?”

“నేను చూశాను గదండీ. వండేదీ నేనే గదా.”

ఆయన లోపలికి వెళ్ళి ఉత్తరీయం వేసుకుని వచ్చారు. సుందరమ్మ తనను పిలవొద్దని ఇంటింటా చెప్పడానికి బయలుదేరారేమో అనుకుంది.

“పదండి. నేను ఇనుము కాదని చెప్పిన ఇళ్ళన్నిటికీ వెళ్ళి ఇనుమేనని చెప్పి రావాలి. ఎందుకు తుప్పు పట్టదని అడిగితే ఆ మీగడ సంగతి నాకు రాదు. మీరు చెబుదురుగాని.”

అలా వాళ్ళిద్దరూ ఆ పూటంతా ఇంటింటికీ తిరిగారు. నారాయణగూడలో ఒకావిడ ఓపికగా విని, గిన్నెలు రోజువారీ వంటకు వాడుకుంటానంది. రిటైరైన హెడ్మాస్టరు గారు సగంలోనే చెయ్యెత్తి ఆపారు. ఆయన తమ్ముడి కార్యం ఆ నెలలోనే స్టీలు గిన్నెల్లో జరిగిపోయింది. దోషం ఎవరిదని అడిగారు. నాదేనన్నారు వెంకటరామయ్య గారు. కాదు, నాదంది సుందరమ్మ. ఇద్దరిదీ అని తేల్చి ఆయన తలుపు వేసుకున్నారు. ఆ ఇల్లు సుందరమ్మను మళ్ళీ పిలవలేదు. ఆ పక్కిల్లూ పిలవలేదు. పిలవని ఇళ్ళ గురించి ఆవిడ ఆ తర్వాత ఎవరి దగ్గరా మాట్లాడలేదు గాని, ఆ రెండిళ్ళ ముందు నుంచి వెళ్ళేటప్పుడు నడక కొంచెం వేగంగా ఉండేది.

అన్నిటికన్నా భయపడింది ధర్మారావు గారి ఇంటికి వెళ్ళడానికి. ఆయన తల్లి తద్దినంలోనే కదా ఇదంతా మొదలైంది. వెంకటరామయ్య గారు చెప్పాల్సింది చెప్పి, కావాలంటే ప్రాయశ్చిత్తం చేయిస్తానన్నారు. ధర్మారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“మా అమ్మ ఆఖరి రోజుల్లో స్టీలు గ్లాసులోనే కాఫీ తాగేది. వేడి పట్టుకోలేకపోతున్నానని తిడుతూ తాగేది. ఆవిడ ఏమీ అనుకోదు. మీరు చెప్పినట్టే ప్రాయశ్చిత్తం చేసేద్దాం.” తర్వాత సుందరమ్మ వైపు తిరిగారు. “వచ్చే తద్దినానికి మీరే వస్తారు కదా? ఏ గిన్నెలో వండుతారు?”

సుందరమ్మ వెంకటరామయ్య గారి మొహం చూసింది. ఆయన, జవాబు చెప్పాల్సింది మీరేనన్నట్టు తల ఊపారు.

“ఏది శుభ్రంగా ఉంటే దాన్లోనండీ. అదేమిటో మాత్రం బ్రహ్మగారికి ముందే చెప్పి పొయ్యి మీద పెడతాను,” అంది.

మరునాడు వెంకటరామయ్య గారి ఇంట్లో తద్దినం వంట ఆవిడే వండింది. కమలాకుమారి అత్తగారి కాలం నాటి రాగి గిన్నెలు రెండు అటక మీద నుంచి దింపింది. వాటికి లోపల పూత ఇంకా చెక్కుచెదరలేదు. ముందురోజు కోపం తీరలేదు గనక దింపేటప్పుడు కాస్త చప్పుడు ఎక్కువే చేసింది. సుందరమ్మ తడిబట్టతో పొయ్యి ముందు కూర్చుని, మామిడికాయ ముక్కలు పప్పులో వేసి, మాట్లాడకుండా కలుపుతూ ఉంది.